బంతి విసిరే భుజం

తమ్ముళ్ళూ! పదో తరగతిలో మన హాస్టల్ టీముకి నేనే ఫాస్ట్ బౌలర్‌ని. బౌండరీ దగ్గర నుంచి నేరుగా వికెట్ల మీదకి విసరడం నా గొప్ప. భుజం నొప్పెడితే బామ్ రాసుకుని మళ్ళీ విసిరేవాణ్ణి. ఊళ్ళో ఒకాయన ‘నరం తప్పింది’ అని చెయ్యి గట్టిగా లాగాడు. ఆ తర్వాత రెండు నెలలు చొక్కా తొడుక్కోవడానికి కూడా పక్కవాడి సాయం కావాల్సి వచ్చింది. అప్పుడు లోపల ఏం జరిగిందో వ్యాయామ విద్యలో పీజీ చేస్తున్న ఇప్పుడు కొంత అర్థమవుతోంది.

విసిరే చేతి గురించి ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికా బేస్‌బాల్‌లో. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. విసిరే క్షణంలో అతని భుజం సెకనుకు సుమారు 7000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. అంటే సెకనుకు 19 చుట్ల వేగం! మన సీలింగ్ ఫాను ఫుల్ స్పీడులో ఆరు చుట్లు తిరిగితే గొప్ప. పైగా భుజం కీలు గిన్నె చాలా లోతు తక్కువ, చెంచాలో నిమ్మకాయలాంటిది. దాన్ని జారకుండా పట్టుకునేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. అవి అలిసిపోయాక కూడా విసురుతూ ఉంటే స్నాయువు వాస్తుంది, ఆపైన చిరుగుతుంది.

మంచి డాక్టరు మొదట స్కానింగ్ రాయడు, అడుగుతాడు. చెయ్యి వెనక్కి ఎత్తినప్పుడు నొప్పా, బంతి వదిలాకా? రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోగలవా? తర్వాత రెండు చేతులూ తిప్పి పోల్చి చూస్తాడు. విసిరే భుజం లోపలికి 20 డిగ్రీలకు మించి తక్కువ తిరిగితే అనుమానించాల్సిందే. ఎముక కోసం ఎక్స్‌రే, స్నాయువుల కోసం ఎం.ఆర్.ఐ. ఆ తర్వాతే. మీ వయసు వాళ్ళకి ఇంకొకటుంది. ఎముక చివర్లు ఇంకా పెరుగుతుంటాయి, ఆ ఎదిగే చోటు లిగమెంటు కన్నా బలహీనం. అందుకే పిల్లల మోచేతి నొప్పిని ‘బెణుకులే’ అని వదిలేయకూడదు.

మోచేతి లోపలివైపు లిగమెంటు తెగితే ఒకప్పుడు పిచ్చర్ ఆట ముగిసినట్టే. 1974లో టామీ జాన్ అనే ఎడమచేతి ఆటగాడికి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి స్నాయువు తీసి అక్కడ కట్టాడు. నూటికి ఒక వంతే ఆశ అన్నారు. 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడాడు. (బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు వంచండి, మధ్యలో తాడులా లేచేది ఆ స్నాయువే. కొందరికి పుట్టుకతోనే ఉండదు!) మన జావెలిన్ వీరుడు నీరజ్ చోప్రాకి 2019 మేలో ముంబయిలో మోచేతి ఆపరేషన్ అయింది. తొందరపడలేదు. 2021 టోక్యోలో 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు.

కానీ చాలా గాయాలకి కత్తి అక్కర్లేదు. ముందు విసరడం ఆపాలి. ఇది అందరికన్నా ఆటగాడికే కష్టం. తర్వాత రబ్బరు బ్యాండుతో కఫ్ కండరాలకి, వీపుకి, ఆఖరికి కాళ్ళకి, నడుముకి కూడా వ్యాయామం. ఎందుకంటే విసురు పుట్టేది కాళ్ళలోనే, చెయ్యి దాన్ని బంతికి అందిస్తుందంతే. నొప్పి పూర్తిగా పోయాక దగ్గర దూరం నుంచి కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. నన్ను లాగినాయన చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

మా నాన్న పోర్టులో కళాసీ. ఆయన బంతి ఎప్పుడూ విసరలేదు. అయినా ఆయన భుజంలో అరిగిందీ ఆ కఫ్ కండరమే, ఇన్నేళ్ళ బస్తాల బరువుకి. కేజీహెచ్ ఎముకల విభాగంలో చూపించి, అక్కడ చెప్పిన వ్యాయామం ఇంట్లో నేనే చేయించాను. “బస్తాలు మోసినోడికి ఈ రబ్బరు ముక్క లాగడమేట్రా!” అని నవ్వాడు. నెల్నాళ్ళు నవ్వుతూనే లాగాడు. మొన్న పండక్కి వెళ్తే, అటక మీద గిన్నె తనే దించాడు.