సినిమా పాటకు తలుపు మూసిన రోజులు

నేడు రేడియోలో సినిమా పాట వినబడుట వింత కాదు, వినబడకున్ననే వింత. కాని ఒకప్పుడు ఆకాశవాణియే ఆ పాటకు దాదాపు తలుపు మూసినదన్న సంగతి యువతరమువారిలో పలువురెరుగరు. ఆ వివాదమునకును మన విజయనగరమునకును గల సంబంధము శ్రోతలకు ఆసక్తికరముగా నుండునని తలచి, దానిని ఇచ్చట కొంత వివరింపబూనితిమి.

1952లో డాక్టరు బి. వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసారశాఖకు మంత్రియైరి. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాట పాశ్చాత్యపు బాణీలకు అనుకరణమనియు, జనుల అభిరుచిని చెరచుచున్నదనియు ఆయన అభిప్రాయము. ప్రసారములలో ఆ పాటల వేళ తగ్గింపబడెను. చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని దానిని మానిపించిరి. నిర్మాతలు కినిసి, ప్రసారానుమతులను ఉపసంహరించుకొనిరి. ఇరువైపుల పట్టుదలల నడుమ పాట కొంతకాలము మూగవోయెను.

మంత్రిగారి వాదనను తేలికగా త్రోసివేయరాదు. మద్రాసు రాష్ట్రమున 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయ్యెను. విజయనగరము, బొబ్బిలివంటి సంస్థానముల నీడన బ్రతికిన కళలకు ఇక ఆదరువెవరు? ఆ బాధ్యత రేడియో వహింపవలెనని ఆయన తలంపు. సంగీత జాతీయ కార్యక్రమము 1952లోనే మొదలయ్యెను. సినిమా పాటకు బదులుగా లలిత సంగీతమును ఆకాశవాణి పెంపొందించెను. తెలుగున బాలాంత్రపు రజనీకాంతరావుగారివంటివారి కృషిచే అది చక్కగా వర్ధిల్లినది.

అయినను శ్రోత చేతిలో మీట యున్నది కదా! సింహళమునందలి రేడియో సిలోనుకు యుద్ధకాలమునాటి శక్తిమంతమైన ప్రసారయంత్రముండెను. మధ్యతరంగములు పగటివేళ నేలనంటి సాగి, దూరము పెరిగిన కొలది క్షీణించును. హ్రస్వతరంగములు పై వాతావరణమును తాకి మరలి, వందల మైళ్ల కవతల దిగును. విశాఖపట్నమున 1963లో కేంద్రము వెలయువరకు మన ప్రాంతమునకు దగ్గరి తెలుగు కేంద్రము విజయవాడయే. శ్రీకాకుళమునకు అది నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. కనుక సముద్రమున కవతలి కొలంబో పలుకు ఇంటిలోనికి సులువుగా వచ్చెడిది.

అప్పటికి మేమింకను జన్మింపలేదు. విజయనగరమున విద్యార్థిగానుండిన మా పెదతండ్రిగారు తమ యౌవనమును తలచుకొని ఈ ముచ్చట చెప్పెడివారు. మా తాతగారు త్యాగరాజ కృతులు తప్ప మరియొకటి ఇంట వినరాదని శాసించిరట. పిల్లలు ఆయన లేని సమయము చూచి, ధ్వని బాగుగా తగ్గించి, రేడియోకు చెవులానించి సిలోను వినెడివారు. ఒకనాడు తాతగారు వెనుక నిలిచియుండుట ఎవరును గమనింపలేదు. పాట ఘంటసాలది. అది ముగియువరకు ఆయన కదలలేదు. పిదప, “ఈ అబ్బాయి మన సంగీత కళాశాలలో చదివినవాడే కదరా! అంత చిన్నగా పెట్టుకున్నారేం?” అని మాత్రము అనిరట.

ఆ మాటలోనే విషయమంతయు నున్నది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా వెలసిన ఆ కళాశాల ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమునకు నెలవు. ఘంటసాల అచ్చటనే చదివి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికము చేసిరి. విజయనగరమున జన్మించిన పి. సుశీలగారును అచ్చటి విద్యార్థినియే. సాలూరు రాజేశ్వరరావుగారు లలిత గీతములకును, 1951 నాటి ‘మల్లీశ్వరి’ చిత్రమునకును స్వరములు కూర్చిరి. ఢిల్లీలో గీసిన గీత మన ఊర ఒకే ప్రాంగణమును రెండుగా చీల్చినది. పాడినవారెన్నడును అట్లు చీలలేదు.

1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై, సినిమా పాటకు మరల చోటిచ్చెను. పంతము సడలినది, కాని ఆ పంతమువలన పెంపొందిన లలిత సంగీతము మనకు మిగిలినది.

మా యౌవనమున క్యాసెట్టు పాటలను చూచి చెవులు మూసికొన్నవారు మా పెదతండ్రిగారే! నేడు మా పిల్లలు వినుపాటలకు మేమును ముఖము ముడుచుచున్నాము. అట్టివేళ తాతగారు జ్ఞప్తికి వత్తురు. నచ్చినను నచ్చకున్నను, పాట ముగియువరకు నిలిచి వినుట శ్రోత ధర్మమేమో!