అంగిలిలో గట్టి గుబ్బ తగిలితే

నాలుక అంగిలిని తడిమినప్పుడు నడుమ రాయివలె ఏదో తగులుతుంది. అద్దం ముందు నోరు తెరిస్తే చిన్న గుబ్బ. ఆ క్షణం నుంచి మనస్సును పట్టి పీడించేది ఒకే మాట: క్యాన్సర్. ఇంట్లో ఎవరికీ చెప్పక ఆ భయాన్ని నెలల తరబడి మోసేవారి కోసమే మేమీ విషయాన్ని ఎత్తుకున్నాము.

అంగిలి మధ్యగీత వెంట పెరిగే ఈ గుబ్బను వైద్యులు టోరస్ పాలటైనస్ అంటారు. అక్కడి ఎముకే కొంత అదనంగా పెరగడం తప్ప ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. స్త్రీలలో ఎక్కువ, ఒకే కుటుంబంలో పలువురికి ఉండటమూ కద్దు. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది గనుక, నిన్ననే పుట్టినట్టు తోచినా అది పాతదే. పైదవడ చిగుళ్లపై బుగ్గవైపు వచ్చే ఎముక బొడిపెలూ ఈ కోవవే.

దంతవైద్యుడు సాధారణంగా చూపుతో, వేలి స్పర్శతోనే దీనిని గుర్తిస్తాడు. నడుమనే ఉండటం, ఎముకంత గట్టిదనం, నొప్పి లేకపోవడం, పైపొర మామూలు రంగులో ఉండటం దీని లక్షణాలు. సందేహముంటే ఎక్స్‌రే గాని, సి.టి. స్కాన్ గాని తీయిస్తాడు. ముక్క తీసి పరీక్షించడం అరుదు.

అయితే గుబ్బ ఒక ప్రక్కకే ఉన్నా, మెత్తగా ఉన్నా, త్వరత్వరగా పెరుగుతున్నా, రెండు వారాలు దాటినా పుండు మానకున్నా, పళ్లు కదిలినా, చెంప మొద్దుబారినా ఆలస్యం తగదు. గుట్కా, జర్దా అలవాటున్నవారు మరీ జాగ్రత్తపడాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ స్త్రీలలో అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతున్నదని వైద్యులు ఏనాడో గుర్తించారు. అటువంటి ఇళ్లలో "ఎముకేలే" అని తమకు తామే తీర్మానించుకోరాదు. దవడలలో పలుచోట్ల ఎముక గడ్డలుంటే పెద్దప్రేగునూ పరీక్షించవలసి రావచ్చు. గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య వ్యాధిలో రెండూ కలిసి వస్తాయి.

బాధ లేని గుబ్బను అలాగే వదిలివేయడమే చికిత్స. దానిపై పొర పలుచన. పొగలు కక్కే చాయ్, మాంసంలోని ఎముక ముక్క దానిని గాయపరచగలవు. మాటిమాటికీ పుండ్లు పడుతున్నా, మాటకు అడ్డొచ్చినా, కట్టుడు పళ్ల సెట్టు కూర్చోకున్నా మత్తు సూదితో చిన్న శస్త్రచికిత్స చేసి తొలగిస్తారు. ఎముకల బలహీనతకు అలెండ్రోనేట్ మాత్రలు గాని, జోలెడ్రోనిక్ ఇంజెక్షను గాని వాడుతున్న పెద్దవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందులు వాడేవారికి దవడ గాయం మానక ఎముక బయటపడే ప్రమాదముంది.