చందానగర్‌లో విత్తనాల గుమ్మి: జీపీఎస్‌తో వెతికే ఆట



మేడ మీద కూరగాయలు పండించే పట్నం వాళ్లు, ఊళ్లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఒకచోట కలిస్తే మాటలకు కొదవ ఉండదు. కానీ మైకు ఆగిపోగానే ఎవరి దారి వాళ్లది. నాటు విత్తనం మాత్రం చేతులు మారదు. అందుకే చందానగర్‌లో మనం కలుసుకునే రోజున జియోక్యాషింగ్ ఆట పెట్టుకుందాం.

ఏంటీ ఆట?

ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాస్తారు. ఏదైనా తీసుకుంటే అంతకు తగ్గ వస్తువు అక్కడ పెట్టాలి. 2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ దాచిన బకెట్‌తో ఇది మొదలైంది. అందులో ఉన్న వస్తువుల్లో ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉంది!

ఈ ఆటలో 20 లీటర్లు దాటితే పెద్ద డబ్బా కింద లెక్క. మనం గుమ్మి చేద్దాం. రెండు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఉంటే సుమారు 260 లీటర్లు పడుతుంది.

ఎలా తయారు చేయాలి?

వెదురు బద్దలతో అల్లి, లోపలా బయటా ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తండి. బాగా ఆరాక జాజు పూసి, సున్నంతో ముగ్గులు వేయండి. అల్లిక పద్ధతి వీడియోలో చూడండి. కింద చిన్న కన్నం వదిలి, గడ్డితో మూయండి. పేర్లు రాసే పుస్తకం ఆ కన్నం వెనక పెట్టాలి. అందరూ ముందు పైమూత తీసి చూస్తారు, అసలు ఆట అక్కడే!

వానకు మట్టి కరిగిపోతుంది కాబట్టి వసారాలోనే పెట్టండి. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. అందుకే అంకెలతోపాటు వేపచెట్టు లాంటి ఒక ఆనవాలు కూడా చెప్పాలి.

ఇవి మరిచిపోవద్దు

2007లో, 2013లో బాంబు పేలుళ్లు చూసిన నగరం ఇది. రోడ్డు పక్కన, ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర ఎవరూ లేని పెద్ద డబ్బా పెడితే జనం భయపడతారు. స్థలం యజమాని అనుమతి తీసుకోండి. గుమ్మి మీద అదేమిటో, ఎవరిదో పెద్ద అక్షరాలతో రాయండి. కాపలాదారుకు ముందే చెప్పండి. గొయ్యి తవ్వొద్దు.

విత్తనాలు రాత్రంతా వదిలేస్తే ఎలుకలు, చీమలు వస్తాయి. మామూలు జియోక్యాష్‌లలో తినే వస్తువులు పెట్టనివ్వరు. మనది ఒక్కరోజు ఆట కాబట్టి పొద్దున పెట్టి, సాయంత్రానికి ఖాళీ చేసేయాలి. యాప్‌లో ఎక్కించక్కర్లేదు, వాట్సాప్‌లో అంకెలు పంపితే చాలు.

లోపల ఏం పెట్టాలి?

బాగా ఎండిన విత్తనాలు బూడిద, ఎండు వేపాకుతో కలిపి చిన్న పొట్లాలు కట్టండి. ప్రతి పొట్లం మీద రకం పేరు, పండించిన ఊరు, ఏ నెలలో విత్తాలో రాయాలి. ఆ వివరాలు లేకపోతే అది విత్తనం కాదు, ఒట్టి గింజే. తీసుకున్నవాళ్లు పుస్తకంలో పేరు, ఊరు రాసి, తమ దగ్గరున్న మరో రకం పెట్టాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. చందానగర్ మీదుగా పోయే ముంబై రోడ్డు పట్టుకుని వెళ్తే జహీరాబాద్ వస్తుంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. అలంకరించిన ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఆ మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ విత్తనం ఊళ్లకు వెళ్తుంది, ఇక్కడ మనుషులు విత్తనాన్ని వెతుక్కుంటూ వస్తారు. అంతే తేడా.

ఆట అయ్యాక గుమ్మి ఎవరి తోటకైనా ఇవ్వండి. పుస్తకం మాత్రం ఫోటోలు తీసి అందరికీ పంపండి. ఏ రకం ఎవరి దగ్గర ఉందో వచ్చే తొలకరికి అందులోనే దొరుకుతుంది.