కారులో పసివారికి ఎత్తుపీట

రాజమహేంద్రవరమునుండి గోకవరము మీదుగా రంపచోడవరము చేరి, అటనుండి మారేడుమిల్లి కొండలకు పోవు దారి శ్రోతలలో పలువురికి పరిచితమే. చింతూరు వైపు దిగు ఘాట్ రోడ్డులో మలుపు వెంట మలుపు. ముందు సీటున తల్లి యొడిలో కూర్చుండి బిడ్డ కేరింతలు కొట్టుట చూడ ముచ్చటగనే యుండును. కాని యా యొడి యెంతటి రక్షణ?

చిన్న లెక్క వేసి చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినో ఢీకొని సెకనులో పదవ వంతున ఆగినదనుకొందము. ఆ క్షణమున 10 కిలోల బిడ్డ సుమారు 110 కిలోల బరువువలె ముందునకు తూలును. దానిని ఆపుట ఏ తల్లి చేతులకును సాధ్యము కాదు.

కావుననే మోటారు వాహనముల చట్టమున 2019లో 194-బి సెక్షను చేర్చబడినది. 14 ఏండ్లు నిండని బిడ్డను సీటు బెల్టుతోగాని, పిల్లల రక్షణాసనముతోగాని భద్రపరుపక కారు నడుపువారికి అది 1000 రూపాయల జరిమానా విధించుచున్నది.

అయితే ఇందొక చిక్కు కలదు. చట్టము వయస్సును లెక్కించును. బెల్టు పెద్దవారి దేహమునకు కొలిచి చేయబడినది. ఆరేండ్ల బిడ్డకు దానిని తగిలించినచో, తుంటి యెముకలపై నుండవలసిన పట్టీ మెత్తని పొట్టపైకి జరుగును. భుజముపై నుండవలసినది మెడను ఒరయును. ప్రమాదమున ఆ బెల్టే లోపలి అవయవములను గాయపరుపవచ్చును.

దీనికి విరుగుడు బూస్టర్ సీటు, అనగా ఎత్తుపీట. అది బిడ్డను పైకెత్తి బెల్టును తగిన చోట నిలుపును. తలగడ దీనికి బదులు కాదు, అది జారిపోవును. బ్రిటనులో 2006నుండి, 12 ఏండ్లుగాని 135 సెంటీమీటర్ల ఎత్తుగాని, ఏది ముందు వచ్చిన అంతవరకు ఇట్టి ఆసనము తప్పనిసరి. మన సెక్షనులో ఎత్తు ప్రసక్తి లేదు. కనుక ఆ కొలత తలిదండ్రులే చూచుకొనవలెను. వీపు సీటుకు ఆనియుండగా మోకాళ్లు సీటు అంచున వంగి, పాదములు క్రింద ఆనినచో పీట అక్కరలేదు, లేనిచో కావలెను.

మన్యమున పెక్కుమందికి కారు లేదు. మోటారు సైకిలే వాహనము. వారికిని 2023 ఫిబ్రవరి 15నుండి ఒక నిబంధన అమలులోనికి వచ్చినది. నాలుగేండ్ల లోపు బిడ్డను నడుపువారికి పట్టీలతో బంధించవలెను. తొమ్మిది నెలలు దాటినవారికి శిరస్త్రాణము పెట్టవలెను. వేగము 40 కిలోమీటర్లు మించరాదు.

జరిమానా వేయు పోలీసు ప్రతి మలుపున నుండడు. కాని బిడ్డ ప్రతి మలుపునను మనతోనే యుండును. రంపచోడవరమున తేనీటికి ఆగినప్పుడైనను, కొండ యెక్కకముందు వెనుక సీటు వంక ఒక్కసారి చూడుడు.