మన చేలలోని రెండు వేటపురుగులు

పురుగులన్నియు పైరునకు పగవని తలంపరాదు. భోగాపురమువంటి మెట్టయు పల్లమును గల సీమలో పెంకుపురుగులు రెండు పైరును ముట్టక, దానిని తిను పురుగులనే వేటాడును.

మెట్టనేలది ఆంథియా. ఒడలు నలుపు, వీపున 6 తెల్లచుక్కలు, నిడివి సుమారు అంగుళమున్నర. ఎగురజాలదు, నేలపై పరుగెత్తియే పట్టును. తాకినచో మండెడు ఆమ్లమును చిమ్మును.

వరిమడిది ఓఫియోనియా. చిన్నది, ఇటుకవన్నెది. ముడిచిన ఆకులలో దూరి దినమునకు 3 మొదలు 5 ఆకుముడత పురుగులను భక్షించును. దీని పిల్ల నల్లగా నిగనిగలాడును. దానిని చీడయని నలుపవలదు. అది గట్టుమంటిలోనే పెంకుపురుగుగా మారును.

అనవసరముగా మందు చల్లినచో రెండును నశించును. ఎగురజాలని ఆంథియా మరల చేరుట మిక్కిలి ఆలస్యము. కావున ముందు ఆకుముడతలు విప్పి చూచి, పురుగును లెక్కించి, పిమ్మటనే మందునకు పూనుకొనుడని మేము మనవి చేయుచున్నాము.