రాణి ఈగ, కూలి ఈగ: గ్రుడ్డు ఒకటే, మేపు వేరు

జనగామ మామిడి తోటలలోను, మహబూబాబాద్ మిరప చేలలోను, భూపాలపల్లి అడవి అంచు గ్రామములలోను తేనెటీగను ఎరుగని రైతు లేడు. పొదలలో కట్టు చిన్న పట్టు, చెట్టు తొర్రలలోను పుట్టలలోను దొరకు పుట్టతేనె, ఎత్తైన కొమ్మలకు వ్రేలాడు పెద్ద పట్టు మనకు తెలిసినవే. వీనికి తోడు కొందరు రైతులు ఇటలీ జాతి ఈగలను పెట్టెలలో పెంచుచున్నారు. జాతి ఏదైనను పట్టులోని సంసారము ఒకే తీరున నుండును. రాణి ఒక్కటే. మగ ఈగలు కొద్ది. మిగిలినవన్నియు కూలి ఈగలు.

శాస్త్రజ్ఞులు ఈ తరగతులను ‘కులములు’ అని వ్యవహరింతురు. కాని రాణికిని కూలికిని గల భేదము పుట్టుకతో వచ్చినది కాదు, పెంపకముతో వచ్చినది. ఈ సంగతి నెరిగిన రైతు రాణి చచ్చిన పెట్టెను నిలబెట్టుకొనగలడు. ఎరుగని రైతు పెట్టెనే పోగొట్టుకొనును.

గ్రుడ్డులో భేదము లేదు

రాణి పెట్టు గ్రుడ్లు రెండు విధములు. మగబీజము కలియని గ్రుడ్డు నుండి మగ ఈగ పుట్టును. కలిసిన గ్రుడ్డు నుండి ఆడ ఈగ పుట్టును. ఈ ఆడ గ్రుడ్డే రాణి కావచ్చును, కూలియు కావచ్చును.

గ్రుడ్డు 3 రోజులకు పగిలి పిల్లపురుగు వచ్చును. లేత వయసు కూలి ఈగలు దాదులై, తమ తలలోని గ్రంథుల నుండి ఊరు పాలవంటి ఆహారమును దానికి పెట్టును. మొదటి 3 రోజులు పిల్లలన్నిటికిని ఈ పాలే. తరువాత కూలి కావలసిన పిల్లకు పాలు తగ్గించి, తేనె, పుప్పొడి కలిపి పెట్టును. రాణి కావలసిన పిల్లకు, వేరుసెనగకాయ వలె క్రిందికి వ్రేలాడు పెద్ద గదిలో, తుదివరకు పాలే కడుపునిండ పెట్టును. దీనినే రాజాహారమందురు.

ఈ మేపు వలన కలుగు భేదము చూడుడు. ఇటలీ జాతిలో రాణి, గ్రుడ్డు పెట్టిన 16 రోజులకు వెలువడును. కూలి 21 రోజులకు వెలువడును. పని కాలములో కూలి సుమారు ఆరు వారములు బ్రతుకును. రాణి రెండు మూడేండ్లు బ్రతుకును. మంచి ఋతువులో రాణి రోజుకు 1,000కి పైగా గ్రుడ్లు పెట్టును. కూలికి అండాశయము ఎదుగదు, కాని పుప్పొడి మోయుటకు కాళ్ళపై బుట్టలు, మైనము చేయుటకు గ్రంథులు ఉండును.

మేపు ఎట్లు పనిచేయును?

కాకతీయ గణపతిదేవుని నాటి గణపురము చెరువును తలచుకొనుడు. చెరువులో నీరు ఒకటే. తెరచిన తూము క్రింది మడి పారును, మూసిన తూము క్రింది మడి ఎండును. జన్యువుల సంగతియు ఇట్టిదే. రాణిలోను కూలిలోను ఉన్న జన్యువులు ఒకటే. ఏవి తెరచియున్నవి, ఏవి మూసియున్నవి అనుటలోనే భేదము.

జన్యువులపై పడు మిథైల్ అను చిన్న రసాయనిక గుర్తులు ఇట్టి తూము పనిలో పాలుపంచుకొనును. 2008లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున రిషార్డ్ మలేష్కా బృందము, ఈ గుర్తులు వేయు ఒక ఎంజైమును పిల్లపురుగులలో అణచి చూచినది. మేపు మార్చకయే వానిలో ఎక్కువ భాగము ఎదిగిన అండాశయములు గల రాణులైనవి. 2015లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, పుప్పొడిలో నుండు కౌమారిక్ ఆమ్లమును పిల్లల మేపులో కలిపిన అండాశయములు చిన్నవగునని కనుగొనిరి. అనగా రాణికి పాలు పెట్టుట ఎంత ముఖ్యమో, పుప్పొడి పెట్టకుండుటయు అంత ముఖ్యము.

పెద్దవైన ఈగల పనియు ఇట్లే మారును. లేత ఈగ దాది పని చేసి, ముదిరిన పిమ్మట మేతకు పోవును. పెట్టెలోని దాదులను తీసివేసినచో, మేతకు పోవు ఈగలలో కొన్ని తిరిగి దాదులగును. అప్పుడు వాని మెదడులోని జన్యువులపై గుర్తులు పెక్కు మరల దాది తీరునకు మారునని 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. కాని రాణి, కూలి భేదము ఇట్లు వెనుకకు మరలదు. పిల్ల వయసు 3 రోజులు దాటినచో మంచి రాణి కాజాలదు.

రైతు చేయవలసినది

1. పెట్టె తెరచినపుడు రాణి కనబడకపోయినను, గదికొక గ్రుడ్డు చొప్పున అడుగున నిలిచియున్నదా యని చూడవలెను. ఉన్నచో మూడు రోజుల క్రిందటి వరకైనను రాణి ఉన్నట్లే.

2. గ్రుడ్లు, లేత పిల్లలు రెండును లేనిచో, బలమైన మరియొక పెట్టె నుండి గ్రుడ్లును, ఒకటి రెండు రోజుల పిల్లలును గల చట్రమును, రాణి దానిపై లేకుండ చూచి, ఈగలను దులిపి ఇందులో పెట్టవలెను. కూలి ఈగలే కొన్ని పిల్లలకు రాజాహారము పెట్టి రాణిని తయారు చేసికొనును. ముదురు పిల్లల చట్రము పెట్టిన లాభము లేదు.

3. కొత్త రాణి వెలువడి, మగ ఈగలతో కలిసి, గ్రుడ్లు పెట్టుటకు సుమారు నెల పట్టును. ఈ లోపల పెట్టెను మాటిమాటికి తెరువరాదు.

4. ఆలస్యము చేయరాదు. రాణి, పిల్లలు లేని పెట్టెలో కొన్నాళ్ళకు కూలి ఈగలే గ్రుడ్లు పెట్టనారంభించును. ఒక్కొక్క గదిలో పెక్కు గ్రుడ్లు కనబడును. బీజము కలియని ఈ గ్రుడ్ల నుండి మగ ఈగలే పుట్టును. పనివారు లేక పెట్టె పాడగును.

5. అడవి పట్టు నుండి తేనె తీయువారు తేనె ఉన్న భాగమును మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును విడువవలెను. పట్టుకు నిప్పు పెట్టరాదు.

6. 2021-22లో నల్ల తామరపురుగు వలన మన మిరప రైతులు మందులు మరల మరల కొట్టవలసివచ్చినది. ఈగలు వాలు పూతపై పగటివేళ మందు కొట్టరాదు. తప్పనిచో ఈగలు గూటికి చేరిన సాయంకాలమున కొట్టవలెను. విషము తగిలిన పుప్పొడి దాదుల కడుపులోనికే పోవును. దాది చెడిన పిల్లకు పాలు లేవు. పాలు లేనిది రాణియు లేదు.

పెట్టెలు కొత్తగా పెట్టదలచిన రైతులు మల్యాల కృషి విజ్ఞాన కేంద్రమునందు గాని, మండల వ్యవసాయాధికారి వద్ద గాని సలహా పొందవచ్చును.