ఒకటిన్నర రైలు

షాలిమార్ స్టేషన్ హౌరా వైపు ఒడ్డున, హుగ్లీకి ఆనుకుని ఉంటుంది. చాలాకాలం అది సరుకుల యార్డు. 2022 నుంచి, ఆంధ్ర మీదుగా మద్రాసు వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కణ్నుంచే బయలుదేరుతోంది కాబట్టి, కలకత్తా చుట్టుపక్కల తెలుగు మాట చెవిన పడే చోట్లలో ఇప్పుడు ఇదీ ఒకటి. రైలుకి ఇంకా టైముంటే ఫోన్లో సినిమా పెట్టుకోవడం మామూలే కదా. నేను పెట్టుకున్నది ‘ఎయిర్‌లిఫ్ట్’. రాజా కృష్ణ మేనన్ దర్శకత్వంలో 2016 జనవరిలో వచ్చిన హిందీ సినిమా. ఇరాక్‌ని ఏలిన సద్దాం సైన్యం కువైట్‌ని ఆక్రమించాక అక్కడ చిక్కుకుపోయిన లక్షా 70 వేల మంది భారతీయులు ఎలా ఇల్లు చేరారన్నది కథ.

తెర మీద ఆ అంకె పడేసరికి కళ్లు తిరుగుతాయి. ప్లాట్‌ఫారం మీద కూర్చుని లెక్క వేస్తే మాత్రం ఇంకోలా కనిపిస్తుంది.

కువైట్ మీద దాడి జరిగింది 1990 ఆగస్టు 2న. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు, 59 రోజుల్లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్ తోడుగా ఎయిరిండియా 488 విమానాలు నడిపింది. అమ్మాన్ నుంచి బొంబాయికి, ఒక్కో ట్రిప్పు 4,117 కిలోమీటర్లు. తెచ్చింది 1,11,711 మందిని. గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన లెక్క ఇదే. సినిమా చెప్పే లక్షా 70 వేలకూ దీనికీ 58 వేల పైచిలుకు తేడా ఉంది. కొందరు ఓడల్లో వచ్చారు, కొందరు వేరే విమానాల్లో వచ్చారు, కొన్ని వేల మంది అక్కడే ఉండిపోయారు. ఒకటి విమానాలు మోసినవాళ్ల లెక్క, ఇంకొకటి చిక్కుకుపోయినవాళ్ల లెక్క. రెంటినీ కలిపేసి చెప్పడం మనకి అలవాటైపోయింది.

ఇప్పుడు భాగించి చూద్దాం. విమానానికి సగటున 229 మంది. రోజుకి ఎనిమిది విమానాల పైన. అంటే రోజుకి దాదాపు 1,890 మంది. కొత్త తరహా స్లీపర్ పెట్టెలో 80 బెర్తులుంటాయి. ఏసీ పెట్టెలు, కూర్చునే పెట్టెలు అన్నీ చూసుకుని, జనరల్ బోగీలో నిలబడ్డవాళ్లని వదిలేసి, రైలుకి 1,200 మంది అనుకుందాం. ప్రపంచ రికార్డు కాస్తా రోజుకి ఒకటిన్నర రైలైంది. మొత్తం కలిపినా 93 రైళ్లు. షాలిమార్ లాంటి మధ్యరకం స్టేషను కూడా ఆ ఒకటిన్నర రైలు జనాన్ని చడీచప్పుడూ లేకుండా రోజూ సాగనంపుతుంది.

మరి కష్టమంతా ఎక్కడుంది? విమానం ఎక్కకముందు.

కువైట్లో విమానాశ్రయం ఇరాక్ సైన్యం చేతిలో ఉంది. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. అందుకే మనవాళ్లు జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే తప్ప ఎయిరిండియా మెట్లు కనబడవు. కువైట్ నుంచి బస్రా, అక్కణ్నుంచి బాగ్దాద్, ఆపైన ఎడారి దాటి అమ్మాన్. అటూఇటూగా 1,500 కిలోమీటర్ల రోడ్డు. మన లెక్కలో షాలిమార్లో ఎక్కి గూడూరులో దిగినంత దూరం. ఈ దారిలో రూపనారాయణ్, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న తగులుతాయి. ఆ దారిలో ఆగస్టు ఎండ, చెక్‌పోస్టులు, బాగ్దాద్ దాటాక ఇసుక.

బస్సెక్కడానికి ముందు కాయితం కావాలి. కువైట్ అంటే మన వైపు గుర్తొచ్చేది రాజంపేట, రాయచోటి, కోనసీమ. ఇళ్లలో పనిచేసే కద్దామాలు, డ్రైవర్లు, వంటవాళ్లు. ఇలాంటివాళ్ల పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉండదు, సేట్ బీరువాలో ఉంటుంది. సేట్ తాళం వేసుకుని సౌదీకి పారిపోతే ఆ మనిషి ఏ దేశస్థుడో చెప్పడానికి రుజువేదీ లేదు. అందుకే రాయబార కార్యాలయం వాళ్లు తాత్కాలిక ప్రయాణ పత్రాలు రాసివ్వాల్సి వచ్చింది. కువైట్లో ఎంబసీలు మూసెయ్యమని ఇరాక్ హుకుం జారీ చేశాక మన ఎంబసీ బస్రాకి మారింది. డబ్బు సంగతి మరీ అన్యాయం. కువైట్ దినార్ అప్పట్లో దాదాపు 60 రూపాయలు. ఇరాక్ దాన్ని తమ దినార్‌తో సమానం చేసింది, తర్వాత చెల్లదు పొమ్మంది. ఏళ్ల తరబడి చెమటోడ్చి మూటగట్టుకున్నది కొద్ది వారాల్లో చిత్తు కాయితమైంది.

ఈ కాయితాల గొడవని సినిమా చూపించకపోలేదు, కానీ దానికి హీరో కావాలి. అక్షయ్ కుమార్ వేసిన రంజిత్ కత్యాల్ అనే వ్యాపారి కల్పిత పాత్ర. కువైట్లోనే ఉండి జనాన్ని కూడగట్టిన మాత్తుణ్ణి మాథ్యూస్, హర్భజన్ సింగ్ వేదీల పోలికలు అందులో ఉన్నాయి. ఢిల్లీ మాత్రం తెర మీద నిద్రపోతూ ఉంటుంది. సినిమా వచ్చాక విదేశాంగ శాఖ బాహాటంగానే నొచ్చుకుంది. అప్పట్లో గల్ఫ్ వ్యవహారాలు చూసిన కె.పి. ఫేబియన్ కూడా సినిమాని తప్పుబట్టారు. నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంని కౌగిలించుకున్న ఫొటో మీద దేశదేశాల్లో విమర్శలొచ్చాయి. ఆ కౌగిలి లేకపోతే చెక్‌పోస్టులు అంత తేలిగ్గా తెరుచుకునేవా?

కువైట్ సంగతి కనీసం లెక్కకి అందుతుంది. విమానం అనేది పేరు రాసుకోకుండా ఎక్కించుకోదు. తెలుగువాళ్ల ఇంకో తరలింపు ఉంది, దానికి సినిమా లేదు, జాబితా కూడా లేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైన. నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్‌లో సగానికి మించి మనవాళ్లే. తెలుగు కూలీలు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కేవారు కాబట్టి వాళ్లకక్కడ కోరంగీలనే పేరు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. 1942 మార్చి 8కి నగరం వాళ్ల చేతికి చిక్కింది.

ఓడ టికెట్ దొరికినవాళ్లు బతికిపోయారు. మిగతావాళ్లు నడిచారు. ఒక దారి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, ఒకటి తము మీదుగా ఇంఫాల్‌కి, ఒకటి ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంకి. దారుల్లోనూ తెల్లవాళ్లకి ఒకటి, నల్లవాళ్లకి ఒకటి అన్న ఫిర్యాదు అప్పుడే లేచింది. ఇండియా చేరినవాళ్లు నాలుగైదు లక్షలని అంచనా. దారిలో చనిపోయినవాళ్లు పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, అంతకు మించి ఉంటారని మరికొందరు. అంచనాలకే ఇంత ఎడం ఉందంటే, లెక్కపెట్టేవాడు అసలు లేడన్నమాట. షాలిమార్ కొలతలో చెప్పాలంటే తక్కువలో తక్కువ 330 రైళ్ల మనుషులు, ఎక్కువమంది కాలినడకన.

చాలామందికి కలకత్తాయే గుమ్మం. అక్కణ్నుంచి తెలుగువాళ్లు బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల మీద, ఇప్పుడు కోరమండల్ పోయే దారినే, వాల్తేరు వైపు కదిలారు. వాళ్లు ఊరు చేరే రోజుల్లోనే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. ఏ బాంబులకి భయపడి వచ్చారో అవే ఎదురొచ్చాయి. 1960ల్లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం మరో విడత మనవాళ్లని పంపేసింది. విశాఖ కంచరపాలెం పక్కన బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ సిటీ బస్సుల్లో వినిపిస్తుంది.

కువైట్ నుంచి బొంబాయిలో దిగినవాళ్ల ఆఖరి మజిలీ కూడా రైలే. బొంబాయి–మద్రాసు లైను తిన్నగా కడప, నందలూరు, రాజంపేట మీదుగానే పోతుంది. సినిమా విమానంతోనే ఆగిపోయింది. ఊళ్లో దిగినవాళ్లకి ఎదురైంది మాత్రం వీసాకి చేసిన అప్పు. 1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తమయ్యాక వాళ్లలో చాలామంది అదే రైలు వెనక్కి ఎక్కారు.

ఇవాళ కువైట్లో భారతీయులు దాదాపు పది లక్షలు. 1990 నాటి వేగంతోనే, రోజుకి ఒకటిన్నర రైలు చొప్పున తేవాలంటే, దాదాపు 530 రోజులు పడుతుంది.